ఇక్కడితో ఆగు

నమోదు 112
మృగశిర కార్తె, నాలుగో రోజు

కొత్త పటం పూర్తయింది. మా ఏడులంకలో అరవై రెండు నారుమళ్ళు, మడికొక తూము. ఆ అరవై రెండు తూముల బొమ్మలనూ పాత పటం నుంచి కొత్తదానికి ఎక్కించింది నేనే. పదిహేను రోజుల పనిని పదకొండు రోజుల్లో చేశాను. ప్రతి బొమ్మ వెనకా ఆజ్ఞలుంటాయి: ఎవరి వేలు తాకితే తెరుచుకోవాలి, ఎంతసేపు తెరిచి ఉండాలి, ఎప్పుడు మూసుకోవాలి. ఊరికే దింపుకుంటూ పోలేదు. చదివి, అర్థం చేసుకుని, తిరిగి రాశాను.

పాతవాళ్ళు రాసిన తీరు చూస్తే నవ్వొచ్చింది. చెప్పిందే చెప్పడం. ప్రతి తూము ఆజ్ఞల చివరా ఏ పనీ చెయ్యని మాట ఒకటి తగిలించారు. అరవై రెండు చోట్లా అదే మాట, ఉత్త చాదస్తం. లాకుల బడిలో చేరిన మొదటిరోజే అవతారం మాస్టారు నేర్పిన పాఠం ఒకటుంది: పని చెయ్యని మాట వాక్యంలో ఉండకూడదు. నాకు మాటల పిచ్చి పట్టింది ఆ పాఠంతోనే. అందుకని ఆ మాటను అన్ని చోట్లా కొట్టేశాను.

మాస్టారు ఒక్కో బొమ్మనూ నా బల్ల మీద విడిగా పెట్టి తాకి చూశారు. తెరుచుకోవలసినవి తెరుచుకున్నాయి, మూసుకోవలసినవి మూసుకున్నాయి.

"ఒక్క మాట ఎక్కువ లేదమ్మా వేణీ," అన్నారు.

ఆ వాక్యాన్ని నాలో నేను ఇంటి దాకా అనుకుంటూ నడిచాను.

అత్త మెట్ల మీద కూర్చుని రొయ్యపొట్టు చెరుగుతోంది. నూకరత్నం అత్త మా నాన్నకు అక్క. అమ్మానాన్నా పైన కరకట్ట పనిలో ఉంటే, నేను అత్త దగ్గరుండి చదువుకుంటున్నాను.

"పదకొండు రోజులు కొంప మొహం చూళ్ళేదు. ఏటే అంత రాసేవు?"

"రాయడం కాదత్తా, కొట్టేయడం. పనికిరాని మాటలన్నీ కొట్టేశాను."

"పనిలో పని నీ నోట్లోవి కూడా కొట్టేసుకోవాల్సింది," అంది చేట దులుపుతూ.

నారు బెత్తెడు ఎత్తు వచ్చింది. రేపు పొద్దున కొత్త పటం తెరుస్తారు. దాన్ని మొదట తాకేది అత్తే అయి ఉంటుంది. లంకలో అందరికంటే ముందు మడి దగ్గరికి వెళ్ళేది ఆవిడే.

నమోదు 113
ఐదో రోజు

నారు పోయింది. మా ఒక్కరిదే కాదు, అరవై రెండు మళ్ళదీ.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇది బడి చిట్టా. ఇందులో ఏడవకూడదు.

పొద్దు పొడవగానే అత్త గట్టు మీద నిలబడి, చేతిలోని పలక మీద పటం తెరిచి మా తూము బొమ్మను తాకింది. మా మడిది పదిహేడో నంబరు. తీపినీళ్ళు వచ్చాయి. ఇరవై నిమిషాలు పెట్టాలి కదా అని అత్త మడిలో దిగి కలుపు పీకుతోంది. కాసేపటికి కాలికి తగిలిన నీళ్ళ తీరు తేడాగా అనిపించిందట. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. ఉప్పు.

కాలువ వెంట అరుచుకుంటూ పరుగెత్తింది. సముద్రం అమావాస్య పోటు మీద ఉంది. కాలువ చివర సముద్రానికి అడ్డంగా ఉండే ఉప్పు లాకు బార్లా తెరుచుకుని ఉంది. లాకు పెద్ద గనిరాజు గారు నిద్ర కళ్ళతో వచ్చి చక్రం తిప్పి మూసేసరికి నలభై నిమిషాలు. అప్పటికే కాలువ గట్లు దాటి నీళ్ళు మళ్ళన్నిటి మీదికీ పాకాయి. మధ్యాహ్నానికి నారు కొసలు తెల్లబడ్డాయి. సాయంత్రానికి లంక మొత్తం ఎండుగడ్డి రంగు.

ఉప్పు లాకును ఎవరైనా తెరవచ్చు. పాత వరదలో లాకు మనిషి కొట్టుకుపోయి, తెరిచే దిక్కులేక నది నీళ్ళు లంకలోనే నిలిచి, ఎనభై మంది పోయారు. ఆ తర్వాత పద్ధతి మార్చారు. పటం మీద లంక నేలను ఏ వేలు తాకినా ఉప్పు లాకు తెరుచుకుంటుంది. అడగడాలుండవు, ఆలోచించడాలుండవు. తెరవడానికి ఏ వేలైనా చాలు. మూయడానికి లాకు పెద్ద చెయ్యి కావాలి.

గనిరాజు గారు పటం గదిలో అందరి ముందూ రిజిస్టరు తెరిచారు. రెండు పంక్తులున్నాయి.

*తూము 17, తెరువు. వేలు: నూకరత్నం.*
*ఉప్పు లాకు, తెరువు. వేలు: నూకరత్నం.*

"నేను మా తూమే తాకేనండి," అంది అత్త.

"చెయ్యి జారి పక్కన నేల మీద పడుంటాదమ్మా. వయసు కదా."

"నా చెయ్యి జారదండి. ఈ చేత్తో నలభై ఏళ్ళు నారు పీకేను."

"నూకరత్నం, నువ్వు అబద్ధం ఆడతావు, నేనాడతాను. పటం ఆడదు."

"ఆయ్, ఆడదండి. నోరుంటే కదండీ ఆడ్డానికి!"

ఎవరూ నవ్వలేదు. ఎవరి మడి వాళ్ళ కళ్ళలో ఉంది. నాకు మాత్రం కోపంతో చెవులు వేడెక్కాయి. నేను లేచి, "బొమ్మలు కొత్తవేమో కానీ ఆజ్ఞలు పాతవే. అన్నీ నేనే ఎక్కించాను. తప్పు పటంలో ఉండటానికి వీల్లేదు, ఎవరో అత్త వేలిని దొంగిలించారు," అన్నాను.

గనిరాజు గారు నన్ను చూసి తలూపారు. "విన్నారా? తప్పు పటంలో లేదంట. పటం రాసిన పిల్లే చెబుతోంది."

నేను అత్తను వెనకేసుకొచ్చాననుకున్నాను. ఆవిడ చేతులు కట్టేసి వాళ్ళకు అప్పగించానని ఇంటికొచ్చాక తెలిసింది.

నమోదు 114
ఆరో రోజు. మొదటి నిలుచుడు

తాకినవాడు తప్పు చేస్తే లాకు వంతెన మీద నిలబడాలి. ఏడు రోజులు, రోజూ పాటు వేళకు, సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు. మూడుసార్లు పైకి అనాలి: *నా వేలు, నా తప్పు.* ఏడు రోజులూ ఆ మాట అంటే చూపుడువేలికి ఏడాది పాటు గుడ్డ కడతారు. అనకపోతే కట్టు బతికున్నంత కాలం. గుడ్డ కట్టిన వేలు పటాన్ని తాకకూడదు. తాకే వేలు లేని ఇంటికి తూము లేదు. తూము లేని ఇంటికి మడి లేదు. మా ఇంట్లో తాకే వేలు అత్తదొక్కటే. చదువు పూర్తయ్యే దాకా నాది బడి వేలు, బడి పని తప్ప తాకకూడదు. ఆరుద్ర కార్తె వచ్చేసరికి తిరిగి నారు పొయ్యాలి. అత్త మడిలో వేరేవాళ్ళు పోస్తారు.

ఈరోజు అత్త నీలంచీర కట్టుకుని వంతెనెక్కింది. కింద వందమంది దాకా ఉన్నారు.

"అనమ్మా," అన్నారు గనిరాజు గారు.

"నా వేలే," అంది అత్త. "నా తప్పు కాదు."

"అలా కాదు. మొత్తం అనాలి."

"మొత్తమే అన్నానండి."

అదే మూడుసార్లు అంది. కింద నుంచి ఎవరో ముసలామె, "మా నారు కూడా నీ నోరంత గట్టిదైతే బతికేదే!" అని అరిచింది. అత్త ఆమె వైపు చూసి, "నిజమే వదినా," అంది.

నాకు ఆ జనం మీద కోపం. వాళ్ళు నష్టపోయినవాళ్ళని తెలిసీ కోపం. గనిరాజు గారి మీద కోపం. పోటు వేళ లాకు మీద కన్నేసి ఉంచాల్సిన మనిషి నిద్రపోతే ఆయన వేలికి ఏ గుడ్డా లేదు. నిద్రకు వేలు ఉండదు మరి! ఏమీ తాకనివాడు మా లంకలో ఎప్పుడూ నిర్దోషే.

నమోదు 116
ఎనిమిదో రోజు. మూడో నిలుచుడు

నిన్నటి 115 ఖాళీగా వదిలేశాను. ఉప్పు కొట్టుకుపోవాలని మడిలోకి మంచినీళ్ళు మోశాం. తూములకు నీళ్ళు ఆపేసి ఎవరూ తాకొద్దన్నారు, ఉప్పు లాకుకు గొలుసు వేసి తాళం పెట్టారు, అందుకని బిందెలతోనే. నలభై బిందెలు. అరచేతులు బొబ్బలెక్కాయి.

ఈరోజు రిజిస్టరు చూపించమని పటం గదికి వెళ్ళాను. బడి పిల్లలకు చూసే హక్కుంది. ఆ రెండు పంక్తుల పక్కన సమయం చూశాను. గంట, నిమిషం, క్షణం, క్షణంలో వెయ్యో వంతు. రెండూ ఒక్కటే.

"ఒక్క వేలు ఒకే క్షణంలో రెండు చోట్ల ఎలా తాకిందండీ?" అని అడిగాను.

గనిరాజు గారు టీ తాగుతున్నారు. "అదృష్టం."

"అదృష్టమా!"

"దురదృష్టం అనుకో. నీకు మాటలు బాగా తెలుసు కదా, ఏది నచ్చితే అది రాసుకో."

"తాకిడి ఎక్కడ మొదలై ఎక్కడికి పోయిందో రిజిస్టరు ఎందుకు రాయదు? ఎవరు, ఏం తెరిచారు, అంతేనా? దారి ఎందుకు లేదు?"

"దారితో పనేముందమ్మా? వేలుంది కదా."

ఆయన తప్పుడు మనిషి కూడా కాదు. అదే నాకు మండుతోంది. దొంగైతే బాగుండేది. ఆయనకు వేలు దొరికింది, వెతకడం ఆపేశారు. ఆ పైన ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. పటం ఎవరు రాశారు, ఎవరు చూశారు, ఎవరు నిద్రపోయారు? ఏ ప్రశ్నా వేలు దాటి పోదు. నా వేలు, నా తప్పు. ఎంత పొట్టి వాక్యం. ఒక్క మాట ఎక్కువ లేదు.

నమోదు 117
తొమ్మిదో రోజు. నాలుగో నిలుచుడు

అత్త అంది: నా వేలే, నా తప్పు కాదు. కింద జనం పలచబడ్డారు. తిట్టడానికి కూడా ఓపికలేనట్టున్నారు.

ఇంటికొచ్చాక అత్తను అడిగాను. "అనేస్తే ఏడాదితో పోతుంది కదత్తా?"

"ఏడాది మడి వేరేవోడు చేస్తే, ఆ తరవాత వదుల్తాడేటే?"

"అది కాదు. అంటే..."

"నువ్వు కూడా నేనే తాకేననుకుంటన్నావా?"

"లేదత్తా!"

"అయితే ఇంకెప్పుడూ అడక్కు." అన్నం నా కంచంలో దబ్బున పడేసింది. గిన్నె దగ్గరికి లాక్కుని, "పులుసెయ్యనా?" అంది.

ఎవరి మీదా తీర్చుకోలేని కోపం ఇదిగో ఈ కలం మీద పడుతోంది. పటం అబద్ధం ఆడదట! పటం అబద్ధం ఆడదట! కాగితం చిరిగేలా ఉంది.

నమోదు 118
పదో రోజు. ఐదో నిలుచుడు

నెమ్మదిగా రాయాలి.

యంత్రాలకు ఉప్పు పడితే చచ్చిపోతాయి, కాగితం నానితే ఆరుతుంది అని బడిలో చిట్టా చేతితోనే రాయిస్తారు. పొద్దున ఈ పుస్తకం తెరిచాను. కొత్త పేజీ. ఏమీ రాయని పేజీ. కిటికీ ఎండ ఏటవాలుగా పడి, దాని మీద అక్షరాలు కనిపించాయి. *పటం అబద్ధం ఆడదట.* సిరా లేదు, నొక్కులు మాత్రమే. నిన్న కోపంతో నొక్కి రాసింది కింది పేజీకి దిగింది. దాని కింది పేజీ తిప్పాను. అక్కడా ఉంది. దాని కిందా ఉంది, కొంచెం మసకగా.

నేను రాసింది ఒక్క పేజీ మీద. తగిలింది నాలుగింటికి.

పుస్తకం పక్కన పటం పలక పెట్టుకుని కూర్చున్నాను.

పటం కూడా ఒక్క కాగితం కాదు. పైన తూము బొమ్మ. దాని కింద వాడ. దాని కింద లంక నేల. ఒకదాని మీద ఒకటి పరిచిన అద్దాల్లాంటివి. వేలు తూమును తాకితే తూము తెరుచుకుంటుంది. తాకిడి అక్కడితో అయిపోదు. వాడకు దిగుతుంది. వాడకు ఏ ఆజ్ఞా లేదు కనుక ఊరుకుంటుంది. ఆ తర్వాత లంక నేలకు దిగుతుంది. లంక నేలను ఏ వేలు తాకినా ఏమవుతుందో ఏడులంకలో పసిపిల్లలకు కూడా తెలుసు.

పూర్వం యంత్రాల మీద వేలు నొక్కడాన్ని క్లిక్ అనేవారట. చప్పుడులోంచి పుట్టిన మాట. ఇప్పుడా చప్పుడు లేదు. ఒక్క తాకిడి ఎన్ని పొరలు దిగిందో ఎవరికీ వినపడదు.

మరి పాత పటంలో నలభై ఏళ్ళుగా ఎందుకు దిగలేదు?

ఈ ప్రశ్న రాశాక కలం కింద పెట్టేశాను. జవాబు నాకు తెలుసు. బడికి పరుగెత్తాను. పాత పటం ప్రతి ఇంకా ఉంది. తూము 17 తెరిచాను. అన్ని ఆజ్ఞల చివరా, పనిచెయ్యని ఆ మాట.

*ఇక్కడితో ఆగు.*

అది చాదస్తం కాదు. పుస్తకంలో పేజీ కింద పెట్టుకునే అట్ట అది. ఒక్కో తూము కిందా ఒక్కో అట్ట పెట్టారు వాళ్ళు. అరవై రెండు అట్టలు. నేను అరవై రెండూ లాగేశాను. నా బల్ల మీద బొమ్మను విడిగా పెట్టి తాకినప్పుడు కింద పొరలే లేవు. దిగడానికి చోటు లేకపోతే తాకిడి ఎక్కడికి పోతుంది? అందుకే మాస్టారికీ నాకూ కనపడలేదు. కొత్త పటాన్ని మొదట తాకింది అత్త. ఆ వెంటనే తూములకు నీళ్ళు ఆపేసి, ఎవరూ తాకొద్దన్నారు. రెండో వేలు తాకి ఉంటే అప్పుడే తెలిసిపోయేది.

ఐదు రోజులుగా నేను తిట్టిన ప్రతి మనిషినీ లెక్కపెట్టుకున్నాను. గనిరాజు గారు. జనం. ఆ ముసలామె. కనపడని దొంగ ఒకడు. నా కోపం లంకంతా తిరిగి నా బల్ల దగ్గరికే వచ్చింది.

నమోదు 119
పదకొండో రోజు. ఆరో నిలుచుడు

అవతారం మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన వసారాలో పాత వలలకు కొత్త ముళ్ళు వేస్తున్నారు. పాత ప్రతీ కొత్త ప్రతీ పక్కపక్కన పెట్టి చూపించాను. కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నారు. ఆయనకు మొత్తం అర్థమైపోయింది. నాకంటే తొందరగా.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదండి. మీకే మొదట."

"మంచిది." వల పక్కన పెట్టారు. "చూడు వేణీ. ఆ మాటలు చడీచప్పుడు లేకుండా తిరిగి పెట్టేద్దాం. రేపు మీ అత్తను ఒక్కసారి అనమను. ఏడాది కట్టుతో పోయేలా గనిరాజుతో నేను మాట్లాడతాను."

"అత్త తప్పు లేదు కదండీ!"

"లేదు. కానీ రేపు వరదొస్తే జనం పటాన్ని నమ్మి వేలు పెట్టాలి. తాకితే ఏమవుతుందో అని ఒక్కడు జంకినా మళ్ళీ ఎనభై మంది పోతారు. నీ పేరు కోసమో నా పేరు కోసమో కాదమ్మా నేను చెప్పేది."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆ ఎనభై మందిలో ఆయన చెల్లెలుంది. అయినా నాకు ఒళ్ళు మండింది.

"నమ్మకం నిలబడాలంటే ఒక ముసలావిడ మడి పోవాలా మాస్టారూ?"

"మాటలు బాగా నేర్చావు."

"మీరే నేర్పారు. పని చెయ్యని మాట వాక్యంలో ఉండకూడదని. ఒక మాట ఏ పని చేస్తోందో ఎలా తెలుసుకోవాలో మాత్రం నేర్పలేదు."

ఆయన ముఖం చిన్నబోయింది. నేనలా అనకుండా ఉండాల్సింది. కొట్టేసింది నేను. ఆయన సరిగ్గా చూడలేదు, అంతే. అయినా అన్నాను. రాస్తున్నప్పుడు కూడా వెనక్కి తీసుకోవాలని లేదు.

చెయ్యి చాపారు. "నీ పలక ఇలా ఇయ్యి. ఆ మాటలు నేనే పెడతాను."

"పెట్టండి," అన్నాను. "మీరు పెడితే రిజిస్టరులో మీ వేలు పడుతుంది."

చాపిన చెయ్యి చాలాసేపు గాలిలో ఉండిపోయింది. తర్వాత వల అందుకుంది.

నమోదు 120
పన్నెండో రోజు. ఏడో నిలుచుడు

ఈరోజు లంకంతా వచ్చింది. కట్టే గుడ్డ ఒక పళ్ళెంలో పెట్టారు. ఎర్రగుడ్డ. అత్త అదే నీలంచీరలో ఉంది.

గనిరాజు గారు, "చివరిసారి, నూకరత్నం," అన్నారు.

"నా వేలే," అని అత్త మొదలుపెట్టేలోపు నేను వంతెనెక్కాను. అత్త గుడ్లురిమి చూసింది. "దిగు. నీకేటి పని?"

"గనిరాజు గారూ, ఉప్పు లాకుకు గొలుసుంది కదండీ? తెరవమని ఆజ్ఞ వచ్చినా తెరుచుకోదు కదా?"

"తెరుచుకోదు. గంట మోగుతుంది, అంతే. అయితే?"

"మీ తూము తాకండి. మీ సొంత పలక మీద, మీ సొంత మడి తూము. నాలుగో నంబరు."

"ఎందుకు?"

"పటం అబద్ధం ఆడదు కదండీ. తాకండి."

కింద నుంచి ఎవరో, "తాకండి గనిరాజు గారూ, తూమే కదా, కరుస్తుందా?" అన్నారు. ఈ వారంలో జనం నవ్వడం అదే మొదటిసారి. ఆయన విసుగ్గా పలక తీశారు. అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకున్నారు. చూపుడువేలు చాచి, నాలుగో తూము బొమ్మ మధ్యలో, ఎంతో జాగ్రత్తగా, పిల్లాడికి బొట్టు పెట్టినంత సూటిగా తాకారు.

ఉప్పు లాకు గంట మోగింది.

గొలుసు ఒక్కసారి బిగుసుకుని కిర్రుమంది. మోగుతూనే ఉంది గంట. ఆయన తన వేలి వంక చూసుకున్నారు. అత్త వేలి వంక ఏడు రోజులు లంకంతా ఎలా చూసిందో అలాగే.

నేను రిజిస్టరు పైకి చదివాను. "తూము నాలుగు, తెరువు. వేలు: గనిరాజు. ఉప్పు లాకు, తెరువు. వేలు: గనిరాజు."

"నేను లాకు తాకలేదు!" అన్నారాయన.

"చెయ్యి జారి ఉంటాదండి," అంది అత్త. "వయసు కదా."

ఎవరూ నవ్వలేదు. తిట్టిన ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎవరో ఆ గుడ్డ ఆయనకు కట్టమని అరిచారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మూడో వరసలో అవతారం మాస్టారు తల దించుకుని నిలబడ్డారు.

అప్పుడు చెప్పాను. పేజీల సంగతి, పొరల సంగతి, ఆ మాట సంగతి. చాలాసేపు పట్టింది. "ఆగమని చెప్పే మాటను కొట్టేసింది నేను. చాదస్తం అనుకున్నాను. నా వేలు, నా తప్పు." మూడుసార్లు అన్నాను. "కానీ ఇక్కడితో ఆగకండి! నేను రాశాక చూసినవాళ్ళున్నారు. పోటు వేళ లాకు దగ్గర మేలుకుని ఉండాల్సినవాళ్ళున్నారు. తాకిడి పోయిన దారి రాయని రిజిస్టరు ఉంది. ఏడు రోజులు ఒక్క ప్రశ్న అడగని లంక ఉంది. తాకిడేమో ఆగాల్సిన చోట ఆగలేదు. ప్రశ్నేమో ఆగకూడని చోట ఆగిపోయింది."

తర్వాత మాస్టారు జనంలోంచి నడిచి వచ్చి వంతెనెక్కి నా పక్కన నిలబడ్డారు. "చూసిన కళ్ళు నావి," అన్నారు. మాస్టారి మీద నా కోపం కొంత తగ్గింది. పూర్తిగా తగ్గలేదు.

గనిరాజు గారు పళ్ళెంలో గుడ్డ తీసి అత్త వైపు చూశారు, నా వైపు చూశారు, మళ్ళీ పళ్ళెంలో పెట్టేశారు. దాన్ని తీసుకుని నా వేలికి కట్టింది అత్త. బిగించి కట్టింది. నొప్పి పుట్టేలా.

"ఒక కార్తె," అంది జనంతో. "పిల్లకి అది చాలు. మనం కట్టాల్సినోళ్ళు ఇంకా ఉన్నారు, గుడ్డలు చింపుకోండి."

ఇంటిదాకా నా ముందు నడిచింది.

నమోదు 122
పద్నాలుగో రోజు

రిజిస్టరులో కొత్త గడి పెట్టారు. *దారి.* ఇకనుంచి తాకిడి దిగిన ప్రతి పొరనూ రాస్తుంది. పోటు వేళ లాకు దగ్గర ఇద్దరు మేలుకుని ఉండాలని కూడా నిర్ణయించారు. గనిరాజు గారు రేపటినుంచి వంతెన మీద నిలబడతారు. మాస్టారూ నిలబడతారు. ఏమనాలో ఇంకా తేలలేదు. పాత వాక్యం సరిపోదని అందరికీ తెలిసింది, కొత్తది ఎవరికీ రాలేదు. నన్ను రాయమన్నారు. రాయనన్నాను.

అరవై రెండు తూములకూ ఆ మాట తిరిగి పెట్టాలి. తప్పు చేసినవాడే దిద్దాలి. నా వేలికి గుడ్డ ఉంది. అందుకని నేను చెబుతుంటే తాకి రాసే పని అత్తకు ఇచ్చారు. రెండు రోజులుగా మాట్లాడని మనిషి బల్ల దగ్గర నా పక్కన కూర్చుంది.

"చెప్పు."

"ఇక్కడితో ఆగు."

"రాసేను. చెప్పు."

"అదే అత్తా. ఇక్కడితో ఆగు."

"మళ్ళీ అదేనా?"

"అరవై రెండు సార్లూ అదే."

"ఇందులో ఏముందని కొట్టేసేవే?" అంది. మొదటి అసలు ప్రశ్న అది. నేను తర్వాతి తూము నంబరు చెప్పాను. ఇరవై దాటాక ఆవిడే పైకి అంటూ రాసింది. నలభై దాటాక మెడ పట్టేసిందని లేచి నీళ్ళు తాగొచ్చింది. పదిహేడో నంబరు మాత్రం చివరికి అట్టిపెట్టుకుంది. అది రాసి, పొరలన్నీ కింద పెట్టించి, తాకి చూసింది. తూము తెరుచుకుంది. ఉప్పు లాకు గంట మోగలేదు. ఆవిడ చెవి ఒగ్గి చాలాసేపు విన్నది.

"రేపు ఆరుద్ర," అంది లేస్తూ. "విత్తనాలు నానేసేను. మొలకలొచ్చేలా మండె కట్టడానికి రెండు చేతులూ కావాలి. ఆ గుడ్డ కట్టిన వేలు అడ్డమని చెప్పకు."

కోపం పోలేదు ఆవిడకు. నాకూ పోలేదు. పోవాలని కూడా లేదు.

పదో రోజు నుంచీ రాసేటప్పుడు పేజీ కింద అట్ట పెట్టుకుంటున్నాను. ఒకరోజు రాత ఇంకోరోజుకు దిగకుండా. ఈ చివరి వాక్యానికి మాత్రం అట్ట తీసేశాను, కలం గట్టిగా పట్టుకున్నాను. కింద ఎన్ని ఖాళీ పేజీలున్నాయో అన్నిటికీ తగలాలి.

అరవై రెండు చోట్ల ఎందుకుందో అడగకుండా ఆ మాటను కొట్టేసింది నేను.